చప్పట్లు, సైగలు, చేతిగడియారము

గోలకొండ కోటను చూడవచ్చినవారికి మార్గదర్శకులు మొట్టమొదట చూపించు వింత ఒకటి కలదు. ఫతే దర్వాజా కప్పు క్రింద నిలిచి చప్పట్లు కొట్టినచో, ఆ ధ్వని ఇంచుమించు ఒక కిలోమీటరు దూరమున, కొండకొమ్మున నున్న బాలా హిస్సారు వరకు వినవచ్చును. కోటలోనికి ఎవరో వచ్చుచున్నారని పైవారికి తెల్పుటకు కుతుబ్‌షాహీల కాలమున ఈ యేర్పాటు ఉపయోగపడెనని చెప్పుదురు. ఆ కోటను ఔరంగజేబు 1687లో ఎనిమిది మాసములు ముట్టడించెను. ఫిరంగులకు లొంగని కోట తుదకు లోపలివాడొకడు రాత్రివేళ తలుపు తీయుటచే పడిపోయెను. మొగలు సేనలు విడిసిన చోటికి ఫతే మైదానమను పేరు నిలిచినది. ఆ మైదానముననే 1955 నవంబరులో హైదరాబాదు తన మొదటి టెస్టు మ్యాచిని చూచెను; న్యూజీలాండుపై పాలీ ఉమ్రిగరు 223 పరుగులు చేసినది అప్పుడే.

ఆ కోటకు కొద్ది మైళ్ళ దూరమున, ఒకప్పుడు బండరాళ్ళును సీతాఫలపు తుప్పలును నిండియుండిన మాదాపూరు ప్రాంతమున, 1998 నవంబరు 22వ తేదీన ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించిరి. హైటెక్ సిటీ అను పేరు అప్పటినుండియే మన నోట నానినది. అమెరికా పొద్దుతో పనిచేయుటచే అక్కడి యువకులకు అమెరికా ఆటలును పరిచితములగుచున్నవి. హ్యూస్టనులోను బోస్టనులోను కొన్నియేండ్లుండి వచ్చినవారు క్రికెట్టుతోబాటు బేస్‌బాల్ గూర్చియు తర్కింతురు. అట్టివాడే, మా దగ్గర బంధువుల పిల్లవాడొకడు ఒక ఆదివారము మా యింటికి వచ్చి, "బాబాయిగారూ, ఎదుటివాళ్ళ సైగను కంటితో చూసి పట్టుకుంటే తప్పు లేదట, అదే సంగతి చేతిగడియారంలో చదివితే తప్పట. దొంగతనం రెండుచోట్లా ఒకటే కదా!" అని అడిగెను. ప్రశ్న చిన్నది. దాని వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

బేస్‌బాల్ ఎరుగని శ్రోతలకు రెండు మాటలు చెప్పవలెను. ఆ ఆటలో బంతి విసరువానిని పిచ్చరు అనియు, బ్యాటు పట్టినవాని వెనుక కూర్చుండి బంతి నందుకొనువానిని క్యాచరు అనియు అందురు. విసరు చోటికిని బ్యాటుదారు నిలుచు చోటికిని నడుమ 60 అడుగుల 6 అంగుళములు, అనగా మన క్రికెట్టు పిచ్చికంటె కొంచెము తక్కువ. బంతి నేలను తాకక గంటకు 90 మైళ్ళ వేగమున వచ్చి, సెకనులో పదింట నాలుగు వంతుల కాలమున బ్యాటును చేరును. రాబోవునది వేగపు బంతియో, వంకర తిరుగు బంతియో ముందుగా తెలిసినచో బ్యాటుదారునకు సగము పని ముగిసినట్లే. ఆ రహస్యమును క్యాచరు తన తొడల నడుమ వ్రేళ్ళతో సైగచేసి పిచ్చరునకు తెల్పును. అయితే రెండవ బేసున నిలిచిన ప్రత్యర్థికి ఆ వ్రేళ్ళు ఎదురుగానే కనబడును. అతడు టోపీ సవరించుకొనియో, మోకాలు తట్టియో తనవానికి ఆ సంగతి చేరవేయవచ్చును. ఇందుకు నిషేధము లేదు. అందుచే క్యాచరు నాలుగైదు సైగలు వరుసగా చేయును; వానిలో ఏది నిజమో వారిద్దరికే తెలియును.

మన ఆటలోను ఇట్టిది లేకపోలేదు. బౌలరు మణికట్టును చూచి గూగ్లీని పసిగట్టుట బ్యాట్స్‌మన్ విద్య. పాతబంతిని రెండవచేతితో మూసి పరుగెత్తుకొని వచ్చుట బౌలరు ప్రతివిద్య.

కంటికి యంత్రము తోడైన కథ 1900లో ఫిలడెల్ఫియా నగరమున కానవచ్చుచున్నది. ఆ జట్టులో మోర్గన్ మర్ఫీ అను అదనపు క్యాచరు మైదానపు కొనయందు దుర్భిణితో కూర్చుండి ఎదుటి సైగలను చూచెడివాడు. అక్కడినుండి భూమిలో పాతిన విద్యుత్తు తీగ మూడవ బేసు ప్రక్కన శిక్షకుడు నిలుచు చోటికి వచ్చియుండెను. తీగ చివరనున్న పెట్టె అతని కాలిక్రింద కంపించును. ఆ కంపమును బట్టి అతడు బ్యాటుదారునకు సూచన చేయును. సెప్టెంబరు 17వ తేదీన సిన్సినాటి ఆటగాడు టామీ కోర్కొరన్ తన బూటుముళ్ళతో ఆ నేలను గీరి త్రవ్వగా పెట్టె బయటపడెను. మేనికి తగిలించుకొను యంత్రముల వంశమున ఈ మట్టిలోని పెట్టెను ముత్తాతగా నెంచవచ్చును. 1951లో న్యూయార్కు జయంట్సు వారు పోలో గ్రౌండ్సులో దూరదర్శినిని, విద్యుద్ఘంటను వాడిరి. ఆ యేడు అక్టోబరు 3న బాబీ థామ్సన్ కొట్టిన దెబ్బను అమెరికావారు నేటికిని తలచుకొందురు. దాని వెనుక నున్న దూరదర్శిని సంగతి పూర్తిగా పత్రికకెక్కుటకు 2001 వరకు, సరిగా అర్ధశతాబ్దము, పట్టెను. తనకు ఆ బంతి సైగ అందలేదని థామ్సన్ చెప్పెను. ఆ బంతిని విసరిన రాల్ఫ్ బ్రాంకా మాత్రము యాబది యేండ్లు ఓటమి భారమును మోసెను. గెలిచినవాని కీర్తికంటె ఓడినవాని ఆ యాబది యేండ్లే నన్ను ఎక్కువ కలతపెట్టుచున్నవి.

ఇక గడియారపు కథ. 2017 ఆగస్టులో బోస్టను నగరమున రెడ్ సాక్సునకును న్యూయార్కు యాంకీలకును ఆటలు జరుగుచుండెను. అంపైరు తీర్పును పునఃపరిశీలింప కోరుటకై ప్రతి జట్టునకును వీడియో గది యొకటి యుండును. బోస్టను వీడియో గదిలోనివాడు క్యాచరు సైగలను చూచి, వానిలో నిజమైన సైగ ఏదో తేల్చి, ఆ సంగతిని ఆటగాండ్ర శరీర పోషణ చూచు సహాయకుని చేతి ఆపిల్ గడియారమునకు పంపెను. అతడు గడియారము చూచి ప్రక్కనున్న ఆటగానికి చెప్పును. ఆ మాట రెండవ బేసున నున్నవానికి చేరును. అక్కడినుండి బ్యాటుదారునకు సైగ. యాంకీలు ఈ తతంగమును చిత్రములతో సహా అధికారుల ముందుంచిరి. సెప్టెంబరు 15న కమిషనరు రాబ్ మాన్‌ఫ్రెడ్ తీర్పు వెలువడెను. సైగను గ్రహించుట నిషిద్ధము కాదనియు, ఎలక్ట్రానిక్ పరికరముతో ఆ పని చేయుటయే నిషిద్ధమనియు అందలి సారాంశము. రెడ్ సాక్సునకు జరిమానా పడెను. అంతకుముందు ఒక సంవత్సరము టెలిఫోనును అక్రమముగా వాడిరని యాంకీలకును చిన్న జరిమానా పడెను. ఆ సొమ్ము ఫ్లోరిడా తుపాను బాధితుల సహాయమునకు పోయెను. ఆ గడియారము చేసిన కంపెనీ 2016లోనే మన నానక్‌రామ్‌గూడలో పటముల తయారీకై కార్యాలయము నేర్పరచియున్నది. పాపము, పటములు గీయువారికిని ఈ వ్యవహారమునకును సంబంధమేమియు లేదు.

అదే యేడు హ్యూస్టను ఆస్ట్రోసు జట్టు చేసినది ఇంకను మోటు పని. దూరమున నిలిపిన కెమెరా చిత్రమును ఆటగాండ్ర గది వెనుక తెరపై చూచి, వంకర బంతి రాబోవునప్పుడు చెత్తడబ్బాను దబదబ బాదెడివారు. గోలకొండ చప్పట్ల వంటిదే! అభిమాని ఒకడు ఓపికతో పాత వీడియోలను వినగా, 58 ఆటలలో 1,143 దెబ్బలు లెక్కకు వచ్చినవి. సైగల గుట్టు విప్పుటకు ఎక్సెల్ పట్టికను వాడిరి. గచ్చిబౌలిలో జీతముల లెక్కలు వ్రాయు ఎక్సెలే. ఆ జట్టు 2017లో జగజ్జేతగా నిలిచెను. 2020 జనవరిలో దానికి 50 లక్షల డాలర్ల జరిమానా విధింపబడెను; మేనేజరును, జనరల్ మేనేజరును ఉద్యోగములు కోల్పోయిరి. బిరుదును మాత్రము తీసివేయలేదు.

ఆ శరత్తుననే ఇటువంటి తీగ యొకటి మన నగరమునకు తగిలెను. 2017 అక్టోబరు 30న చెన్నైలో సివిల్ సర్వీసు పరీక్ష వ్రాయుచున్న యువ పోలీసు అధికారి యొకడు చెవిలో బ్లూటూతు పరికరముతో పట్టుబడెను. దాచిన కెమెరా ప్రశ్నపత్రమును పంపుచుండగా, హైదరాబాదునుండి అతని భార్య జవాబులు చదివి వినిపించుచుండెనని పోలీసులు కేసు పెట్టి ఇరువురిని అరెస్టు చేసిరి. చూచు కన్ను, దూరమున అర్థము చెప్పు మనిషి, మేని మీద చిన్న యంత్రము: బోస్టను ఏర్పాటులోని అంగములన్నియు ఇందున్నవి.

మా పిల్లవాని ప్రశ్నకు నేను చెప్పగలిగిన సమాధానమిది. రెండవ బేసున నిలిచినవాడు పిచ్చరునకు కనబడుచునే యుండును. పిచ్చరు అతనిని అనుమానింపవచ్చును, సైగ మార్చవచ్చును, బంతిని అతనివైపే విసరి అవుటు చేయనువచ్చును. దొంగ తన కండ్లయెదుట నున్నంతకాలము అది ఆటలో భాగమే. వీడియో గదిలోనివాడు అవుటగుట యెన్నడును లేదు.

మన తెలుగునేలకు ఈ విషయమున మిక్కిలి దగ్గర సంఘటన క్రికెట్టులోనే జరిగినది. సైబర్ టవర్సు తెరచిన ఆరుమాసములకు, 1999 మే 15న, ఇంగ్లండులోని హోవు పట్టణమున ప్రపంచకప్పు మ్యాచి. భారత జట్టు కెప్టెను మన హైదరాబాదువాడైన మహమ్మద్ అజహరుద్దీను. దక్షిణాఫ్రికా కెప్టెను హాన్సీ క్రోన్యే. భారతదేశము ముందు బ్యాటు చేసెను. ఫీల్డింగు చేయుచున్న క్రోన్యే చెవిలోను, అలన్ డోనాల్డు చెవిలోను చిన్న పరికరములు కనబడెను. పెవిలియనునుండి కోచి బాబ్ ఊల్మరు వారికి సలహాలు పంపుచుండెను. ఇది ఎదుటివారి సైగను దొంగిలించుట కాదు. తన సైగను ఎవరికిని కనబడకుండ చేరవేయుట. దీనిని నిషేధించు నియమము అప్పటికి లేదు. అయినను మ్యాచి రిఫరీ తలత్ అలీ ఇంటర్నేషనల్ క్రికెట్ కౌన్సిలువారిని సంప్రదించి, మంచినీళ్ళ విరామమున వానిని తీయించెను. గంగూలీ 97 పరుగులు చేసెను. భారతదేశము 253 పరుగులు చేసియు 4 వికెట్లతో ఓడిపోయెను.

ఊల్మరు కుతూహలము గల పండితుడు. కంప్యూటరును క్రికెట్టు శిక్షణలోనికి తెచ్చిన తొలివారిలో ఒకడు. అతని యూహను మోసమనుటకు నాకు మనసొప్పదు. కాని క్రికెట్టులో కెప్టెను అనువాడు మైదానమున ఒంటరిగా ఆలోచింపవలసినవాడు. ఫీల్డరును ఎక్కడ నిలుపవలెనో, ఎవరికి బంతి నీయవలెనో అతడే తేల్చవలెను. తప్పినచో ఆ తప్పు అతనిదే. చెవిలో వేరొకని గొంతు వినబడినప్పుడు ఆ తప్పు ఎవరిది?

ఆ యిరువురు కెప్టెన్ల కథ అంతటితో ముగియలేదు. 2000 ఏప్రిలులో ఢిల్లీ పోలీసులు తాము విన్న టెలిఫోను సంభాషణలను వెల్లడించిరి. క్రోన్యేకు ఆ యేడు అక్టోబరులో జీవితకాల నిషేధము పడెను, అజహరుద్దీనుకు డిసెంబరులో. అజహరుద్దీనుపై నిషేధము చెల్లదని 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పెను. క్రోన్యే 2002లోనే విమాన ప్రమాదమున మరణించియుండెను. 2000 తరువాత క్రికెట్టు అధికారులు చెవిపరికరమును, టెలిఫోనును చూచు చూపే మారినది. సలహా వచ్చునను సంకోచముకంటె పందెగాని మాట వచ్చునను భయము పెద్దదయ్యెను. 2018 మే మాసమున లార్డ్సు మైదానమున పాకిస్తాను ఆటగాండ్ర చేతి స్మార్టు గడియారములను తీసివేయుడని చెప్పినవారు అవినీతి నిరోధక అధికారులే.

బేస్‌బాల్ వారు వేరొక మార్గము పట్టిరి. 2022నుండి క్యాచరు మణికట్టున మీటలుగల చిన్న పరికరమును, పిచ్చరు టోపీలో దాని గొంతును అనుమతించిరి. వ్రేళ్ళ సైగయే అక్కరలేదు గనుక దొంగిలించుటకు కనబడునది లేదు. ఆ పరికరమును కల్పించినవారిలో ఒకడు ఇంద్రజాలికులకు యంత్రములు చేసి యిచ్చినవాడు. నేటి క్రికెట్టులో అంపైర్లే చెవిలో పరికరముతో నిలిచియుందురు. కొన్ని పోటీలలో ఆటగాండ్రకును అమర్చి, ఆట నడుమ వ్యాఖ్యాతలతో మాటాడించుచున్నారు. 2011 డిసెంబరులో బ్రిస్బేనులో షేన్ వార్న్ అట్లు మాటాడుచు, తాను తరువాత వేయబోవు బంతి యెట్టిదో, బ్రెండన్ మెకల్లమ్ దానిని ఎట్లు ఆడబోవునో ముందే చెప్పెను. వెంటనే ఆ బంతినే వేసి అతనిని బౌల్డు చేసెను. టెలివిజన్ చూచుచున్న జనమంతయు ఆ సైగను వినిరి. విననివాడు ఎదుట బ్యాటు పట్టిన మెకల్లమ్ ఒక్కడే.