అదృష్టం తోడురాని మధ్యాహ్నం

ఆ దారిన వెళ్లిన యుద్ధ ఫోటోగ్రాఫర్ రాబర్ట్ కాపా తిరిగి రాడని మనకు తెలుసు. అయినా 1954 మే 25న వియత్నాంలో, నామ్‌దిన్ నుంచి థాయ్‌బిన్ వైపు ఫ్రెంచి సైన్యం వెంట అతను బయల్దేరిన ఉదయాన్ని తలచుకున్న ప్రతిసారీ, ‘ఆగవయ్యా’ అని పిలవాలనిపిస్తుంది.

బుడాపెస్ట్‌లో పుట్టిన ఎండ్రె ఫ్రైడ్‌మన్ అతను. పారిస్‌లో ప్రియురాలు గెర్డా టారోతో కలిసి ‘రాబర్ట్ కాపా’ అనే పేరును కల్పించుకున్నాడు. 1937 జులైలో స్పెయిన్ యుద్ధం ఆమెను పొట్టన పెట్టుకుంది. ఆ ఘడియలో అతను ఆమె పక్కన లేడు. ఆ దుఃఖం అతణ్ణి యుద్ధానికి దూరం చేసి ఉంటే ఎంత బాగుండేది!

కానీ అతను ఇంకా దగ్గరకే వెళ్లాడు. 1944 జూన్ 6న నార్మండీలోని ఒమాహా తీరాన, తూటాలు నీళ్లను చీలుస్తుంటే కెమెరా పట్టుకుని నిలిచాడు. ఎందరో కూలిన చోట తాను బతికాడు. డజను లోపే మిగిలిన ఆ మసక ఫోటోల్లోనే లోకం ఆ రోజును చూసింది. 1948లో టెల్ అవీవ్‌లో ఓ తూటా ఒంటిని రాసుకుంటూ పోయింది. అదృష్టం అప్పుడే ఒక మాట చెప్పి చూసింది.

1954 వసంతంలో అతను జపాన్‌లో ఉన్నాడు. అక్కడి పిల్లలను ఫోటోలు తీస్తూ, ఆదరణలో సేదతీరుతూ ఉన్నాడు. అక్కడే మరికొన్నాళ్లు ఉండిపోవలసింది! ‘లైఫ్’ పత్రికకు ఇండోచైనాలో ఒకరి బదులు మరొకరు కావలసి వచ్చింది. కొద్ది వారాల పనే కదా అని ఒప్పుకున్నాడు. అతను ఒప్పుకున్న యుద్ధం అప్పటికే ముగింపుకొస్తోంది. మే 7న ఫ్రెంచి స్థావరం డియన్ బియన్ ఫూ పడిపోయింది. జెనీవాలో సంధి మాటలు మొదలయ్యాయి.

మే 25 మధ్యాహ్నం థాయ్‌బిన్ దారిలో వాహనాలు ఆగాయి. ఎదురుచూడటం అతని వల్ల కాలేదు. నడిచి ముందుకు సాగిన సైనికుల వెనకే పొలంలోకి దిగి, వారి వీపులు కనిపించేలా ఫోటోలు తీశాడు. ఇంకాస్త మంచి చోటు కోసం అడుగు వేశాడు. ఆ అడుగు కింద మందుపాతర ఉంది. కెమెరా చేతిలో ఉండగానే కూలిపోయాడు. నలభై ఏళ్లకే నూరేళ్లు నిండాయి. మరో రెండు నెలలు గడవకముందే ఆ యుద్ధానికి సంధి కుదిరింది.

న్యూయార్క్ రాష్ట్రంలో, యుద్ధాన్నే ఒప్పుకోని క్వేకర్ల శ్మశానంలో అతణ్ణి పూడ్చిపెట్టారు. ఇన్ని యుద్ధాలు చూసినవాడికి తగిన చోటే అది. సాహసం అతనిది, చివరిదాకా అతని వెంటే ఉంది. అదృష్టం మాత్రం ఎన్నడూ అతనిది కాదు. ప్రతిసారీ కొత్తగా అడిగి తెచ్చుకున్నదే. అడిగినన్నిసార్లూ దొరికింది గనుక, దొరకని రోజు ఒకటి ఉంటుందని అతను నమ్మలేకపోయాడు. అతణ్ణి ప్రేమించిన మనమూ నమ్మలేకపోతున్నాం.