రూపాయిలో ఎంత నొప్పి?

రాత్రి తొమ్మిది దాటింది. నరసరావుపేటలో ఓ ఆసుపత్రి, ఆపరేషన్లయిన ఆడవాళ్లూ పిల్లలూ ఉండే వార్డు. కిటికీ పక్క మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నారు మీరు. మంచం మీద మీ మేనత్త. నిన్ననే బొల్లాపల్లి నుంచి వినుకొండ మీదుగా తీసుకొచ్చారు. మధ్యాహ్నం పొట్ట కోసి గర్భసంచి తీశారు.

వెన్నుకిచ్చిన మత్తు ఎప్పుడో దిగిపోయింది. అత్త కళ్లు మూసుకుని కదలకుండా ఉంది. నిద్రపట్టిందనుకుంటున్నారు మీరు.

సిస్టర్ వచ్చి ముందు ముఖం చూసింది. బిగించిన దవడ, నుదుటి మీద చెమట, దుప్పటి అంచును పట్టుకున్న పిడికిలి. నాడి పట్టుకుంటే 108.

"పెద్దమ్మా, నొప్పిగా ఉందా?"

"ఏం లేదులేమ్మా, బానే ఉంది."

"సరే, ఒక్కసారి దగ్గు చూద్దాం."

దగ్గబోయి సగంలో ఆగిపోయింది అత్త. చేతులు రెండూ పొట్ట మీదికి పోయాయి. కదలకుండా పడుకున్నవాళ్లని అడిగితే సగం నిజమే తెలుస్తుంది. దగ్గమనాలి, పక్కకి తిరగమనాలి, లేచి కూర్చోమనాలి.

"నిండు రూపాయంటే ఇంక తట్టుకోలేనంత అనుకో. ఇప్పుడెంతుంది? పావలానా, అర్ధరూపాయా?"

అత్త మీ వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "ముప్పావలా పైనే ఉంటదమ్మా."

కేస్ షీట్‌లో 8 అని పడింది. సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమనడం ప్రపంచమంతా ఉన్న పద్ధతి. మిరప కోతల కూలీ లెక్కలు నోటితోనే వేసే మనిషికి రూపాయి తూకమే సులువు. పావలా నాణెం చెలామణి 2011లో ఆగిపోయినా వార్డులో ఇంకా నడుస్తోంది.

అంకె చాలదు. ఎక్కడ? కుట్ల దగ్గరా, పిక్కలోనా? మంటా, పోటా, సలుపా? పిక్క నొప్పి అంటే రక్తం గడ్డకట్టిందేమోనని చూడాలి. సిస్టర్ పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూసి, మూత్రం గొట్టం మెలిక పడలేదని సరిచూసుకుంది. మూత్రం ఆగి ఉబ్బిన కడుపుకి నొప్పి సూది ఎన్ని పొడిచినా లాభం లేదు. కట్టు పొడిగానే ఉంది.

కేస్ షీట్‌లో నొప్పి మందుల పక్కన "ఎస్‌ఓఎస్" అని ఉంది. అవసరమైతే ఇవ్వమని. అడిగినవాళ్లకే మందు అన్నమాట. మన ఊళ్లలో అడగని ఆడదే మంచిదని పేరు. ఆ మూడక్షరాల వల్ల ఓర్చుకున్నవాళ్లే నష్టపోతారు. పారాసెటమాల్ లాంటిది వేళకు వేళ ఇచ్చి, దాని మీద ఇంకా కావాలంటే సూది ఇవ్వడమే సరైన పద్ధతని నా గట్టి నమ్మకం.

పావుగంటలో ఎక్కే పారాసెటమాల్ బాటిల్ తగిలించింది. ట్రమడాల్ అనే నొప్పి సూది ఇచ్చే ముందు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. పదహారు. పదికి తగ్గి ఉంటే సూది ఆపి డాక్టరుకి ఫోన్ చేసేది. వాంతి రాకుండా మందు ఇచ్చి, ఆ తర్వాత ట్రమడాల్ మెల్లగా ఎక్కించింది. మోకాళ్ల కింద మడత పెట్టిన దుప్పటి, పొట్ట మీద అదుముకోడానికి ఓ దిండు.

అంతలో మూల మంచం మీద బొల్లాపల్లి మండలంలోని తండా పాప ఏడుపు. చెయ్యి విరిగితే పొద్దున రాడ్డు వేసి కట్టు కట్టారు. అమ్మకి లంబాడీ వచ్చినంతగా తెలుగు రాదు. సిస్టర్ ముఖాల కార్డు తీసింది. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఆరు బొమ్మలు. 1983లో అమెరికాలో డోనా వాంగ్ అనే నర్సు, కొన్నీ బేకర్ కలిసి పిల్లల కోసం తయారుచేసిన పద్ధతి. పాప చివరి బొమ్మ మీద వేలు పెట్టింది. మందిచ్చి గంటయినా నొప్పి పెరుగుతోంది. సిస్టర్ ఆ చేతి వేళ్లు మెల్లగా చాచబోయింది. పాప కెవ్వుమంది. ఇంకో సూది కోసం వెళ్లలేదామె, ఎముకల డాక్టరుకి ఫోన్ చేసింది. కట్టు కింద కండరాలు ఉబ్బి రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లో చెయ్యి పనికిరాకుండా పోతుంది. ఆ నొప్పిని ముందు మందుతో కప్పెయ్యకూడదు, దాని కారణం చూడాలి. డాక్టరు పరుగున వచ్చి కట్టు పొడవునా కత్తిరించి వదులు చేశాడు.

అరగంటకి సిస్టర్ మళ్లీ అత్త దగ్గరికొచ్చింది. పని ఒత్తిడిలో ఎక్కువగా ఎగిరిపోయేది ఈ రెండో రాకే. ఇది లేకపోతే మందు పనిచేసిందో లేదో ఎవరికీ తెలియదు. ఊపిరి మళ్లీ లెక్కపెట్టి, "ఇప్పుడెంత?" అంది.

"పావలా."

దిండు అదుముకుని దగ్గింది అత్త. ఈసారి కఫం కదిలింది. అది కదలకపోతే ఊపిరితిత్తుల్లో చేరి నిమ్ము చేస్తుంది. నొప్పి తగ్గితేనే రేపు పొద్దున లేచి నాలుగడుగులు వేస్తుంది, నడిస్తేనే కాళ్లలో రక్తం గడ్డకట్టదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం మామూలు ఆసుపత్రి వార్డులో అయిదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలి. ఈ రాత్రి వార్డు మొత్తానికి ఈమె ఒక్కతే. కాబట్టి మంచం పక్కన కూర్చున్న మీరు "ఓర్చుకో అత్తా" అనకండి. తెల్లవారుజామున ఆమె మళ్లీ పిడికిలి బిగిస్తే వెళ్లి సిస్టర్‌ని పిలవండి.