తిరగబెట్టాక తోడెవరు?

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆడవాళ్ల ముచ్చట్లన్నీ కళ్లం మీదే. కొమ్ము ఒక దిక్కు, గోళ ఒక దిక్కు వేరు చేస్తూ బిడ్డ కాన్పు నుంచి దుబాయ్‌లో ఉన్న పెనిమిటి ఫోన్ దాకా అన్నీ చెప్పుకుంటారు. గర్భసంచి క్యాన్సర్ మాట మాత్రం అక్కడికి రాదు. తగ్గిందనుకున్నది మళ్లీ వచ్చిందంటే ఇంట్లోవాళ్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు. అట్లాంటి ఆమె పక్కన అదే బాధ పడ్డ ఇంకొకామె కూర్చోవాలన్న పద్ధతి ఎక్కువగా రోగులు పట్టుబట్టి సాధించుకున్నదే.

ముందు ఆపరేషన్ వచ్చింది, తోడు తర్వాత వచ్చింది. న్యూయార్క్ మెమోరియల్ ఆస్పత్రి సర్జన్ అలెగ్జాండర్ బ్రన్‌ష్విగ్ 1948లో ఒక పెద్ద ఆపరేషన్ గురించి ప్రకటించారు. కటిభాగంలో బాగా ముదిరిన, తిరగబెట్టిన క్యాన్సర్లకు గర్భసంచితో పాటు మూత్రాశయాన్ని, పెద్దపేగు చివరి భాగాన్ని కూడా తీసేయడం అది. చేసిన 22 మందిలో అయిదుగురు ఆపరేషన్‌కే తట్టుకోలేకపోయారు. అయినా వేరే దారి లేనివాళ్లకు అదొక దారి అయింది. ఇప్పుడు ప్రమాదం చాలా తగ్గింది, ఎంపిక చేసిన కొందరికి నేటికీ చేస్తారు. బతికి బయటపడిన మనిషికి మాత్రం మలమూత్రాలు పోవడానికి పొట్ట మీద రంధ్రం, దానికో సంచి.

ఆ సంచితో బతకడం ఎట్లా? అమెరికాలోని ఏక్రన్‌కు చెందిన నార్మా గిల్ నర్సు చదువు చదవలేదు. పేగు జబ్బుతో 1954లో తనకే ఆ రంధ్రం పెట్టారు. ఆపరేషన్ చేసిన రూపర్ట్ టర్న్‌బుల్ 1958లో ఆమెను క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో పనికి పెట్టుకున్నారు, రోగులకు నేర్పడానికి. 1961 నాటికి అక్కడ ఒక శిక్షణ బడే మొదలైంది. రంధ్రం ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందే మనిషిని కూర్చోబెట్టి, వంగమని చూసి గుర్తు పెట్టాలి. మన ఆడవాళ్లకైతే లంగా బొందు ఎక్కడ పడుతుందో కూడా చూడాలి. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, బస్సెక్కేముందు తప్పకుండా. పసుపు బస్తా ఎత్తొద్దు, రంధ్రం పక్కన పేగు ఉబుకుతుంది. ఇవన్నీ డాక్టరూ చెప్పగలడు. కానీ అదే సంచిని చీర కింద పెట్టుకుని ఎదురుగా కూర్చున్న మనిషి చెబితే వినే తీరు వేరు.

రొమ్ము క్యాన్సర్ విషయంలో టెరీస్ లాసర్ ఇదే పని చేశారు. 1952లో తన ఆపరేషన్ అయ్యాక, పిలవకపోయినా ఆస్పత్రుల్లో రోగుల దగ్గరికి వెళ్లారు. కొందరు డాక్టర్లకు అది నచ్చలేదు. చివరికి 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ కార్యక్రమాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. నాకు ఇక్కడే ఒక లోటు కనిపిస్తుంది. పలకరించడానికి వచ్చేది కోలుకున్న మనిషి. తిరగబెట్టిన ఆమె ఆ నవ్వు ముఖం ముందు ఏం చెప్పుకుంటుంది?

ఆ లోటును పూడ్చింది 1970లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మానసిక వైద్యుడు ఇర్విన్ యాలొమ్, తర్వాత ఆయనతో కలిసిన డేవిడ్ స్పీగల్. క్యాన్సర్ ఒంట్లో పాకిన ఆడవాళ్లను వారం వారం ఒకచోట కూర్చోబెట్టారు. ఒకరు పోతే మిగతావాళ్లు కుంగిపోతారేమోనన్న భయం ఉండేది. జరిగింది వేరు, చావు గురించి నోరు తెరిచి మాట్లాడుకున్నకొద్దీ వాళ్ల మనసు కుదుటపడింది. ఈ కూడికల వల్ల ఆయుష్షు కూడా పెరుగుతుందని 1989లో 86 మందితో చేసిన అధ్యయనం ఆశపెట్టింది. 2001లో కెనడాలో 235 మందితో చేసిన అధ్యయనం ఆయుష్షు పెరగదని తేల్చింది, నొప్పీ దిగులూ తగ్గుతాయని మాత్రం ఒప్పుకుంది. నా దృష్టిలో అదే పెద్ద లాభం. అండాశయ క్యాన్సర్ తిరగబెట్టి 1989లో పోయిన హాస్యనటి గిల్డా రాడ్నర్‌కూ ఇట్లాంటి కూడికే ఆసరా అయింది. ఆమె పేరిట 1995లో న్యూయార్క్‌లో గిల్డాస్ క్లబ్ తెరిచారు.

మన దగ్గర పొట్ట మీద రంధ్రంతో బతికేవాళ్ల కోసం ముంబైలో ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1970లలోనే మొదలైంది. ఆర్మూర్ ఆడవాళ్లకు పెద్ద దిక్కు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి. అంత దూరం పోయి వరుసలో కూర్చున్నప్పుడు, "అక్కా, నీకు గూడ మల్లొచ్చిందా?" అని పక్కామె అడిగితే అక్కడికక్కడే ఒక కూడిక పుడుతుంది. బస్సెక్కగానే అది విడిపోతుంది. ఊళ్లో మిగిలేది పసుపు ముద్ద మింగితే చాలని సలహా ఇచ్చే చుట్టాలు. పసుపు పండించే ఊరే చెబుతున్నా సరే, చికిత్సకు అది బదులు కాదు.

నెలనెలా కూర్చుని పొదుపు లెక్కలు రాసుకునే మహిళా సంఘాలు ఆర్మూర్ చుట్టుపక్కల ఊరూరా ఉన్నాయి. బీడీలు చుడుతూ గంటలకొద్దీ ఒకచోట కూర్చోవడం ఇక్కడి ఆడవాళ్లకు అలవాటే. అట్లా కూర్చునే చోటే నెలకో పూట ఈ ముచ్చటకు కేటాయించాలి. కోలుకున్నవాళ్లతో పాటు తిరగబెట్టినవాళ్లకూ వేరుగా ఒక పూట ఉండాలి. ఎవరికైనా ఆపరేషన్ తేదీ ఖాయమైతే, ఆ తేదీకి ముందే, అట్లాంటి ఆపరేషన్ అయిన ఇంకొకామె ఆమె ఇంటికి వెళ్లి రావాలి, రానుపోను బస్సు ఖర్చు సంఘమే పెట్టుకోవాలి.