కరకట్ట మీద జీపీఎస్

మొన్న పండక్కి ఊరెళ్ళినప్పుడు అటక మీద పాత సామాన్ల పెట్టెలో ఒక నల్లటి డబ్బీ దొరికింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, పక్కన ఒక చిన్న నీలం లైటు. మా అబ్బాయి తిప్పి తిప్పి చూసి "ఏంటి నాన్నా ఇది, పాత మౌసా?" అన్నాడు. కాదురా, బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్ అన్నాను. "అది ఫోన్లోనే ఉంటుందిగా, మళ్ళీ విడిగా ఎందుకు?" వాడికి రెండు ముక్కల్లో చెప్పి తప్పించుకున్నాను గానీ, అసలు సమాధానం అంత చిన్నది కాదు. అందులో ఒక క్లింటన్, ఒక ఎవరెస్ట్, మా దివిసీమ మావయ్య, ఒక బోటు సరంగు అందరూ ఉన్నారు. తీరిగ్గా చెప్తాను, వినండి.

2000 మే నెల దాకా అమెరికా వాళ్ళు జీపీఎస్ సిగ్నల్ని కావాలనే పాడు చేసి మామూలు జనానికి ఇచ్చేవాళ్ళు. వంద మీటర్ల వరకు తప్పు చూపించేది. వంద మీటర్ల తప్పుతో బందరు రోడ్డు మీద ఉన్నారో, పక్కన బందరు కాలవలో ఉన్నారో చెప్పటం కష్టం. క్లింటన్ ఆ తిరకాసు తీసేయించాక పది, ఇరవై మీటర్లలోకి వచ్చింది. ఆ తర్వాత నాలుగైదేళ్ళకి సర్ఫ్ స్టార్ త్రీ అనే చిప్పు వచ్చి, చెట్ల కింద, కారు అద్దం వెనక కూడా సిగ్నల్ పట్టటం మొదలుపెట్టింది. నా డబ్బీలో ఉన్నది అదే.

2008లో నేను హైదరాబాదులో ఉద్యోగం. చేతిలో జీపీఎస్ లేని నోకియా ఫోను. జీపీఎస్ ఉన్న ఎన్95 అప్పటికే మార్కెట్లో ఉంది గానీ ధర ముప్పై వేలకు పైమాటే. పెళ్ళి చూపులకి కూడా అంత ఖర్చు పెట్టని రోజులవి. కారులో పెట్టుకునే నావిగేటర్లు కూడా అప్పటికి వచ్చాయి. మన హైదరాబాదులోనే శాట్‌నావ్ టెక్నాలజీస్ వాళ్ళు శాట్‌గైడ్ అని ఒకటి అమ్మేవాళ్ళు. మనకి కారు ఉంటే కదా! గూగుల్ వాళ్ళు 2007 నవంబరులో సెల్ టవర్లని బట్టి మనమెక్కడున్నామో ఫోన్లో చూపించటం మొదలుపెట్టారు. ఊళ్ళో అయితే ఫరవాలేదు. పల్లెటూళ్ళో టవరుకీ టవరుకీ మధ్య ఎంత దూరమో అంత తప్పు. పైగా పటం ముక్కలు జీపీఆర్ఎస్ మీద దిగాలి, దానికి బిల్లు.

ఇక మిగిలింది విడి డబ్బీ. నాలుగు వేలు పెట్టి కొన్నాను. ఫోనుకి బ్లూటూత్‌తో కలిపితే అది సీరియల్ పోర్టులాగా సెకనుకోసారి ఒక వాక్యం పంపిస్తుంది: టైము, అక్షాంశం, రేఖాంశం, ఎన్ని ఉపగ్రహాలు. అంతే. ఇంట్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న "దీనికి నెలకెంత కట్టాలిరా?" అని. ఏమీ కట్టక్కర్లేదు, ఉపగ్రహానికి మనమున్నట్టే తెలీదు, అది రేడియోలాగా తన టైము తను చెప్పుకుంటూ పోతుంది, మనం వినటమే అంటే ఎవరూ నమ్మలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూడా కొందరు నమ్మలేదు, ఇది మాత్రం రాసుకోండి.

కొత్తగా స్విచ్చి వేస్తే మొదటిసారి చాలాసేపు పట్టేది. ఉపగ్రహం పంపే సమాచారం సెకనుకి 50 బిట్లు. అవును, బిట్లే. తన సొంత కక్ష్య వివరాలు ముప్పై సెకన్లకొకసారి చెప్తుంది, మొత్తం ఉపగ్రహాల పంచాంగం చెప్పటానికి పన్నెండున్నర నిమిషాలు. ఇప్పటి ఫోన్లు ఇదంతా నెట్‌వర్క్ నుంచి ముందే తెచ్చుకుంటాయి కాబట్టి మనకి ఆ ఎదురుచూపు తెలీటంలేదు. నేను మా మేడ మీద డబ్బీ పట్టుకుని నిలబడితే ఎదురింటావిడ పిట్టలకి గింజలు వేస్తున్నాననుకుంది.

సరే, ఉపగ్రహం ఉచితం, డబ్బీ చవక. ఇక పటం కావాలి. అసలు తంటా ఇక్కడ మొదలైంది.

ఒక స్నేహితుడి ఫోన్లో డబ్బులిచ్చి కొన్న పటం ఉంటే చూశాను. విజయవాడలో బెంజి సర్కిల్, ఏలూరు రోడ్డు బ్రహ్మాండంగా ఉన్నాయి. కిందకి జరిపితే ఉయ్యూరు, పామర్రు దాకా ఒక గీత. అవనిగడ్డ అని ఒక చుక్క. నాగాయలంక లేదు. మావయ్య వాళ్ళ ఊరి సంగతి ఇక అడగొద్దు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా పోయిన దివిసీమ అది. ఆ పటంలో అంతా ఖాళీ.

నాకు మొదట కంపెనీ వాళ్ళ మీద కోపం వచ్చింది. నెమ్మదిగా తవ్వుకుంటూ పోతే తెలిసింది ఏమిటంటే, మన దేశంలో సరిహద్దుల వెంబడి, సముద్ర తీరం వెంబడి సుమారు 80 కిలోమీటర్ల వెడల్పున ఉన్న ప్రాంతానికి సర్వే ఆఫ్ ఇండియా వివరమైన పటాలు మామూలు జనానికి అమ్మకూడదని 1960ల నుంచీ ఆంక్ష ఉండేది. విజయవాడ నుంచి బందరు దగ్గర సముద్రానికి ఎంత? డెబ్భై కిలోమీటర్లు! అంటే డెల్టా మొత్తం, బ్యారేజీతో సహా, రహస్యం కిందే లెక్క. కాటన్ దొర రోజుల్లో, 1850లలో, ఇంచిఇంచికీ ఎత్తులు కొలిచి కాలవలు తవ్విన నేల ఇది. ఎత్తుపల్లాలు అడుగుల్లో తెలియకపోతే ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ పారేవే కాదు. దేశంలో ఇంత శ్రద్ధగా కొలిచిన పల్లపు నేలలు కొన్నే ఉంటాయి, అయినా దాని పటం అక్కడ పుట్టినవాడికి దొరకదు.

2005లో జాతీయ పటాల విధానం అని వచ్చి రక్షణ శాఖకి ఒక వరస, జనానికి ఒక వరస అని విడదీశారు. కాయితం మీద బాగుంది. కౌంటర్లో నాకు కావలసిన షీటు లేదు.

మరి ఎక్కడ దొరికింది? టెక్సాస్‌లో. నవ్వకండి. అమెరికా సైన్యం 1950లలో భారతదేశం మొత్తానికీ 1:250,000 స్కేలులో యు502 అనే పటాల వరస అచ్చు వేసుకుంది. అది కూడా మన సర్వే వాళ్ళ పాత పటాల్లోంచి తయారు చేసుకున్నదే. టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వాళ్ళు వాటిని స్కాన్ చేసి ఎవరికైనా ఉచితంగా పెట్టారు. మా ఊరి పేరు అందులో ఉంది! ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే మా ఊరి వాళ్ళే గుర్తుపట్టరు, అది వేరే సంగతి. ట్రెక్‌బడ్డీ అనే ఉచిత జావా ప్రోగ్రాములోకి ఆ స్కానుని ముక్కలుగా కోసి ఎక్కించాను. మొత్తం ఖర్చు డబ్బీ ధర ఒక్కటే.

ఒక ఆదివారం మావయ్య కొడుకు బండి వెనక కూచుని విజయవాడ నుంచి కరకట్ట మీదుగా బయల్దేరాం. తోట్లవల్లూరు దాటాక ఫోను తీసి చూస్తే నా చుక్క కట్ట మీద లేదు. కృష్ణలో ఉంది. బండి కట్ట మీద పోతోంది, చుక్క దానికి సమాంతరంగా నది ఇసకలో పోతోంది. మా బావ ఒకసారి తొంగిచూసి "నీ ఉపగ్రహానికి ఈత వచ్చా?" అన్నాడు.

ఇంటికొచ్చి రెండు రాత్రులు కూచుంటే గాని అర్థం కాలేదు. తప్పు ఉపగ్రహానిది కాదు, ఎవరెస్ట్‌ది. కొండ కాదు, మనిషి. జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాదులో లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా సర్వే అది. మరుసటేడు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలకి వెళ్ళి జ్వరంతో దాదాపు పోయినంత పని అయ్యింది, 1820లో కోలుకోవటానికి గుడ్‌హోప్ అగ్రం దాకా వెళ్ళాడు. ఆ తర్వాత 1830లో భూమి ఆకారానికి ఆయన కట్టిన లెక్క మీదే మన పటాలన్నీ నడిచాయి. ఆ లెక్కలో భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం ఇప్పటి లెక్క కంటే 860 మీటర్ల పైచిలుకు తక్కువ. భారతదేశానికి చక్కగా అతికేట్టు సర్దిన గోళం కాబట్టి దాని కేంద్రం భూమి కేంద్రంతో కలవదు. జీపీఎస్ వాడే గోళంతో తేడా మూడు దిక్కుల్లో 295, 736, 257 మీటర్లు. ఇవన్నీ కలిపి మా డెల్టా దగ్గర లెక్క వేస్తే చుక్క పడమరకి నూట డెబ్భై మీటర్లు జరుగుతుంది. కరకట్టకి పడమర ఏముంది? నది.

1:250,000 పటం మీద అది ఒక మిల్లీమీటరు కూడా కాదనుకోండి. ఆ స్కేలులో అంతకంటే కచ్చితత్వం ఆశించటం కూడా అత్యాశే. అయినా ఆ మూడు అంకెలు వేసి మళ్ళీ వెళ్ళినప్పుడు చుక్క కట్టకి దగ్గరగా వచ్చి కూచుంటే నాకు కలిగిన ఆనందం ఉద్యోగంలో ఏ రిలీజుకీ కలగలేదు. పులిగడ్డ దగ్గర నది మీద పెద్ద వంతెన మాత్రం పటంలో లేదు. 1950ల పటం కదా, అక్కడ రేవే ఉంది.

మావయ్య ఇంట్లో నా ప్రతాపం చూపిస్తుంటే పక్కింటి సరంగు వచ్చాడు. సముద్రం మీద మరబోటు నడిపే మనిషి. ఫోను చూసి "ఇది నీళ్ళల్లో పనిచేస్తదా బాబూ?" అన్నాడు. టవర్లు అక్కర్లేదండీ, ఎంత దూరం వెళ్ళినా చుక్క చూపిస్తుంది అన్నాను గర్వంగా. ఆయన లోపలికెళ్ళి ఉప్పుకి రంగు పోయిన చేతి జీపీఎస్ ఒకటి తెచ్చాడు. అందులో వల చిక్కుకునే చోట్లు, చేప దొరికే చోట్లు, మొగ ఎటో, అన్నీ గుర్తులు పెట్టుకుని ఉన్నాడు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వాళ్ళు చేపలు ఉండే అవకాశమున్న చోట్లని అక్షాంశ రేఖాంశాలతో, లోతుతో సహా రేవులకి పంపిస్తారు. అది చూసుకుని అంకెలు కొట్టుకుని వెళ్తానన్నాడు. సముద్రమే లేని హైదరాబాదు నుంచి చేపల అడ్రసు!

"నేనెక్కడున్నానో నాకు తెలుసు బాబూ. చుక్కల్ని చూసి మా నాన్నకీ తెలుసు. ఒడ్డున ఏం చెప్తున్నారో అది తెలవదు. వాయుగుండమని రేడియోలో చెప్పేటప్పటికి మేం లోపలుంటాం. అది చెప్తదా నీ డబ్బీ?"

చెప్పదు. డబ్బీ దగ్గర దానికి జవాబు లేదు. ఇందాక మీకు గొప్పగా చెప్పానే, ఉపగ్రహానికి మనమున్నట్టే తెలీదని, దాని రెండో పక్క ఇదన్నమాట. మావయ్య ఏమీ అనలేదు. ఆయన 77లో కొబ్బరి చెట్టెక్కి తెల్లారేదాకా పట్టుకుని బతికిన మనిషి.

సరంగు అడిగినదానికి జవాబు రావటానికి పదకొండేళ్ళు పట్టింది. 2017లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు జాలర్లు అప్పటికే లోతుకి వెళ్ళిపోయి ఉన్నారు. తీరం నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్‌ఫోను మూగది, హెచ్చరిక అందలేదు. ఆ తర్వాత 2019 అక్టోబరులో ఇన్‌కాయిస్, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి జెమిని అని ఒక పరికరం విడుదల చేశాయి. విమానాల కోసం పెట్టిన గగన్ ఉపగ్రహాల నుంచి తుపాను హెచ్చరికలు, అలల ఎత్తు, చేపల చోట్లు ఆ డబ్బీకి దిగుతాయి, డబ్బీ నుంచి బ్లూటూత్‌లో ఫోనుకి వస్తాయి, ఫోన్లో మన భాషలో కనపడతాయి. చదివి నేను కాసేపు అలాగే కూచున్నాను. ఫోనులో లేనిదాన్ని విడి డబ్బీలో పెట్టి బ్లూటూత్‌తో కలపటం! 2008లో నేను చేసింది కూడా ఇదే కదా.

జెమినిలో కూడా జాలరి వినటమే గాని తిరిగి చెప్పటానికి లేదు. రెండు వైపులా పనిచేసే ట్రాన్స్‌పాండర్లు లక్ష బోట్లకి పెట్టే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. పటాల సంగతికొస్తే, 2021 ఫిబ్రవరిలో కేంద్రం భారతీయ సంస్థలకి ముందస్తు అనుమతులు అక్కర్లేదని చెప్పేసింది. అప్పటికే జనం ఊళ్ళ పేర్లు, డొంకలు, కాలవ గట్లు గూగుల్ మ్యాప్ మేకర్లో, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించేసి ఉన్నారు. మా ఊరి చెరువు నేనే గీశాను.

మా అబ్బాయి డబ్బీకి ఛార్జరు వెతికి పెట్టి చూశాడు. బ్యాటరీ ఉబ్బిపోయింది, లైటు వెలగలేదు. సరంగు ఇప్పుడు వేటకి వెళ్ళటంలేదు, కొడుకు వెళ్తున్నాడు. వాళ్ళ బోటుకి ట్రాన్స్‌పాండరు పెట్టారో లేదో ఈసారి వెళ్ళినప్పుడు అడగాలి.