మోసగాళ్ళకు మోసగాడు: వివిధ ప్రతులు

మోసగాళ్ళకు మోసగాడు 1971లో విడుదలైన తెలుగు కౌబాయ్ చిత్రం. కృష్ణ కథానాయకుడు, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు. కథ, మాటలు ఆరుద్ర సమకూర్చాడు.

ఆంగ్లంలో ట్రెజర్ హంట్ పేరిట విదేశాలకు వెళ్ళిన ప్రతిలో పాటలు, సెంటిమెంటు సన్నివేశాలు తొలగించారు. వేగం పెరిగినా, పగకు మూలమైన కుటుంబకథ పలుచబడినది. తెలుగుదనమంతా ఆ భాగములోనే ఉన్నది.

2023 మే 31న కృష్ణ జయంతికి 4కె ప్రతి థియేటర్లలో విడుదలైనది. వి.ఎస్.ఆర్. స్వామి చిత్రీకరించిన రాజస్థాన్ ఎడారి దృశ్యాలకు ఇది మేలు. అయితే బొమ్మ స్పష్టత వేరు, తొలగించిన దృశ్యాలను తిరిగి చేర్చుట వేరు. ఈ చిత్రానికి ప్రేరణయైన పాశ్చాత్య చిత్రాలలో ఒకటైన సెర్జియో లియోనె 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966)కి రెండవ పని 2003 ప్రతిలో జరిగినది. అందుకు ఈస్ట్‌వుడ్, వాలక్ వృద్ధాప్యములో మరల గొంతు ఇచ్చారు.