జ్వరం వచ్చిందని చెప్పే ధైర్యం: ప్లేగు నుండి కరోనా దాకా



తరగతిలో పిల్లలకు చార్మినార్ బొమ్మ చూపించి "దీన్ని ఎందుకు కట్టారు?" అని మేము అడిగితే, వెనుక బెంచీ నుండి కూడా జవాబు వస్తుంది: "తావూన్ పోయిందని కట్టిండ్రు సాబ్!" నగరంలో ప్లేగు శాంతించినందుకు 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా యీ కట్టడాన్ని నిలబెట్టాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాము. హిజ్రీ వెయ్యవ సంవత్సరానికి గుర్తుగా కట్టించాడని మరికొందరు చరిత్రకారులు అంటారు. ఏది నిజమైనా, "రోగం వచ్చింది, పోయింది, మినార్లు లేచినాయి" అనే కథ మన మనస్సులో నాటుకుపోయింది. కాని రోగం ఒకనాడు మూటాముల్లె సర్దుకొని వెళ్ళిపోదు. అది వుంటుంది. దానితో కలిసి ఎట్లా బ్రతకాలో నేర్చుకోవలసింది మనమే. యీ మాటకు చరిత్రలో సాక్ష్యం వున్నది.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. మరుసటి సంవత్సరం పూనాలో తెల్ల సర్కారు సోల్జర్లను యిళ్ళలోకి పంపి రోగులను వెతికించింది. సామాను వీధిలో పారవేశారని, ఆడవాళ్ళ పరదాను, పూజాగదులను లెక్కచేయలేదని జనం మొరపెట్టుకున్నారు. చివరకు 1897 జూన్ 22 రాత్రి ప్లేగు కమిషనర్ రాండ్‌పై చాపేకర్ సోదరులు తుపాకీ పేల్చారు. ఆ గాయంతోనే అతడు చనిపోయాడు. అదే ఏడు జనవరిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు బొంబాయిలో ప్లేగు టీకాను తయారుచేసి ముందుగా తన ఒంటికే పొడిపించుకొన్నాడు. మందు వచ్చింది గాని నమ్మకం రాలేదు. జనం రోగులను దాచిపెట్టారు. దాచిన చోటే రోగం పెరిగింది.

మన హైదరాబాదు కథ వేరు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచింది. 1911లో ప్లేగు వచ్చింది. ఒక్కసారి వచ్చి ఆగలేదు, ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి వస్తూ పోతూ వున్నది. అప్పుడు 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. గాలి, వెలుతురు చొరని ఇరుకు బస్తీలను తీసివేసి, రోడ్లు వెడల్పు చేసి, మామూలు సంసారులు వుండటానికి వరుస యిళ్ళు కట్టించింది. ఎలుక, ఇరుకు రెండూ వున్న చోట ప్లేగు వుంటుందని ఆ పెద్దలు గ్రహించారు. ఒక ఏటి భయాన్ని ఎన్నో ఏళ్ళ పనిగా మార్చారు.

1915లో అంటురోగులకు ప్రత్యేకంగా క్వారంటైన్ ఆసుపత్రి మొదలైంది. 1923లో అది నల్లకుంటకు మారింది. ఫీవర్ హాస్పిటల్ అని బోర్డు వున్నా మన పెద్దలకు అది "కోరంటి దవాఖాన". క్వారంటైన్ అంటే నలభై దినాలు, వెనీసు రేవులో ఓడలను ఆపి వుంచిన గడువు. మన భాషలో చెప్పాలంటే చిల్లా! 2020లో ఆ మాట విని కొత్తగా బెదిరిపోయాము గాని, మన తాతలు ఆ మాటను నోట పలికి, సొంతం చేసుకొని నూరేళ్ళయింది.

1918 ఇన్‌ఫ్లుయెంజా సంగతీ అంతే. మన దేశంలోనే కోటి మందికి పైగా పోయారు. ఆ వైరస్ మాయం కాలేదు. దాని సంతతి ఏటేటా వచ్చే ఫ్లూలో కలిసిపోయింది. 2009 మే నెలలో స్వైన్‌ఫ్లూ మొదటి కేసు దేశంలో బయటపడింది మన హైదరాబాదులోనే. అదీ నేడు మామూలు జ్వరాల లెక్కలో చేరింది.

ఇక మన కళ్ళముందు జరిగిన చరిత్ర. 2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు తేలింది. ఆ నెలాఖరుకు అంతా బంద్. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీలకు మాత్రం మినహాయింపు దొరికింది. దేశానికి మాత్రలు కావాలి గనుక మన పిల్లలు మాస్కు కట్టుకొని షిఫ్టులకు పోయారు. కందిలో ఐ.ఐ.టి. కట్టడం పనికి వచ్చిన పరరాష్ట్రాల కూలీలు ఏప్రిల్ 29న యింటికి పంపమని రోడ్డెక్కారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో వలస కూలీలను తీసుకుపోయిన మొదటి రైలు అదే. మన జిల్లా నుండి మొదలైన యీ సంగతి పిల్లల పాఠ్యపుస్తకంలో వుండదగినది.

ఆ సంవత్సరం రంజాన్ తరావీహ్ యింట్లోనే, మే 25న ఈద్ నమాజు యింట్లోనే. మన దేశం నుండి రెండేళ్ళు హజ్‌కు ఎవరూ పోలేకపోయారు. కష్టమైనా మన జమాత్ ఒప్పుకున్నది. తావూన్ వున్న వూరికి పోవద్దు, వున్న వూరి నుండి పారిపోవద్దు అనే ప్రవక్త (స) బోధ మనకు కొత్తది కాదు గదా!

కాని ఒక చేదు కూడా మింగాము. నిజాముద్దీన్ మర్కజ్ వార్తల తరువాత రోగానికి మన పేరు పెట్టారు. టోపీ చూసి కూరగాయలు కొనని రోజులవి. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీలపై పెట్టిన కేసులను కొట్టివేసి, వాళ్ళను బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. కాని అప్పటికే భయం తన పని చేసింది. మన మహల్లాలో కూడా దగ్గును దాచినవాళ్ళు వున్నారు. "టెస్టుకు పోతే పేపర్ల పేరు వస్తది సాబ్" అన్నారు. పూనాలో సోల్జరు భయం, యిక్కడ నలుగురి వేలు చూపు భయం. ఫలితం ఒక్కటే: రోగం చీకట్లో పెరిగింది.

2021 జనవరి 16న టీకాలు మొదలైనాయి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. ముగిసింది అత్యవసరమే, వైరస్ కాదు. అది రూపం మార్చుకుంటూ మన మధ్యనే తిరుగుతున్నది. ముసలివాళ్ళకు, షుగరు, ఆయాసం వున్నవాళ్ళకు అది నేటికీ చిన్న జ్వరం కాదు.

మరి మనం ఏం మారాము? మా విద్యార్థులలో చాలామంది తండ్రులు ఫ్యాక్టరీలలో కాంట్రాక్టు పని చేస్తారు. ఒక్కరోజు నాగా పెడితే ఆ రోజు కూలీ పోయినట్టే. అందుకే జ్వరంతోనే షిఫ్టుకు పోతారు, ఒకే కిరాయి గదిలో నలుగురికి అంటిస్తారు. "రెస్టు తీసుకో" అని చెప్పడం మనకు తేలిక. పొయ్యి వెలగాలి గదా! పూర్వం రోగాన్ని దాచింది భయం, నేడు దాచేది ఆకలి.

కాబట్టి సొసైటీ పెద్దల ముందు మూడు విన్నపాలు పెడుతున్నాము. మొదటిది, ఇ.ఎస్.ఐ.లో నమోదైన కార్మికుడికి, నిబంధనల ప్రకారం చందా కట్టి వుంటే, జబ్బు పడ్డప్పుడు ఏడాదిలో 91 రోజుల వరకు కూలీలో 70 శాతం వస్తుంది. యీ సంగతి చాలామందికి తెలియదు. తమ పేరు నమోదైందో లేదో కూడా తెలియదు. ఆదివారం నాడు మన చదువుకున్న యువకులు కూర్చొని కాగితాలు చూసి, ఫారాలు నింపిపెట్టాలి. రెండవది, ఇ.ఎస్.ఐ. లేనివాళ్ళకు జ్వరం వచ్చిన మూడు రోజులకు రేషన్ యిచ్చే చిన్న నిధిని తెరవాలి. మూడవది, మస్జిద్‌లో, బడిలో కిటికీలు తెరిచి వుంచాలి. దగ్గు వున్నవాడు యింట్లో నమాజు చేసుకొంటే, పిల్లవాడు బడి మానితే, చిన్నచూపు చూడకూడదు.

సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు గోడలు పడగొట్టి గాలి తెచ్చింది. మనం పడగొట్టవలసింది మరో గోడ. "నాకు జ్వరం వచ్చింది" అని కూలీ, సిగ్గు గాని నష్టం గాని లేకుండా చెప్పగలిగిన నాడే మనం రోగంతో బ్రతకడం నేర్చుకున్నట్టు. దానికి మినార్లు కట్టనక్కరలేదు. ఒక రిజిస్టరు, ఒక చందా డబ్బా, ఓపిక వున్న నలుగురు మనుషులు చాలు.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, ఒకరికొకరు ఆసరాగా నిలిచే బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.