ఫిరంగిపురం బడిలో సత్యోపదేశం గంట

మా ఊరికి చుట్టాలొస్తే ముందు బాల యేసు గుడి చూపిస్తాం, ఆనక కార్మెల్ కొండ ఎక్కిస్తాం. మిల్‌హిల్ సభకు చెందిన డీక్‌మన్ ఫాదర్ పూనుకుని కట్టించిన ఆ గుడి 1891లో పూర్తయిందని గొప్పగా చెప్పుకుంటాం. ప్రాథమిక పాఠశాల దగ్గర మాత్రం ఎవరినీ ఆపం. అందులో చూపించడానికేముంది, నాలుగు గదులూ ఒక వేపచెట్టూ! కానీ నన్నడిగితే ఈ ఊరి విశ్వాసాన్ని తరం తర్వాత తరం నిలబెట్టింది ఆ గదులే.

మా ఊరున్న ఈ కొండవీటి సీమలో కథోలిక మతం మిల్‌హిల్ వాళ్లతో మొదలు కాలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెస్విట్లు కర్ణాటక మిషన్ పేరుతో తెలుగు నేల మీద తిరిగారు. అప్పట్లోనే ఇక్కడి రెడ్ల కుటుంబాలు కొన్ని జ్ఞానస్నానం పొందాయి. 1773లో పాపుగారే జెస్విట్ సభను రద్దు చేసేసరికి గురువుల రాకపోకలు పల్చబడ్డాయి. మళ్లీ 1870ల్లో మిల్‌హిల్ గురువులు వచ్చేదాకా చాలా ఊళ్లలో జపాలు నడిపించింది ఇంటి పెద్దలూ ఉపదేశులూనే. అందుకే గుడితో పాటు బడి కూడా లేవాలన్న పట్టుదల మిషన్లలో అంత గట్టిగా ఉండేది. పగలు పలక మీద అక్షరాలు దిద్దించిన పంతులే పొద్దుగూకాక జపమాల చెప్పించేవాడు. ఫాదరు వేరే ఊరికి పోయిన ఆదివారం గుడిలో జపాలు నడిపేదీ ఆయనే. జీతం ఒకటి, పనులు మూడు.

ఆడపిల్లల చదువుకు మా ఊళ్లో సెయింట్ ఆన్స్ సిస్టర్లు చేసింది వేరే వ్యాసానికి సరిపడా ఉంది. ఇక్కడ ఒక్కటే చెప్తాను. చిన్నపిల్లలకు తొలి సత్ప్రసాదం తయారీ అంటే ఊళ్లో ఇప్పటికీ ముందు సిస్టర్ల వైపే చూస్తారు.

బడిలో రోజూ ఒక గంట సత్యోపదేశం, అంటే మతబోధ, ఉండేది. దాని పుస్తకం ప్రశ్నోత్తరాల పుస్తకం. పంతులుగారు ప్రశ్న వేస్తే తరగతి మొత్తం ఒక్క గొంతుతో జవాబు చెప్పాలి. మమ్మల్ని పుట్టించిందెవరు, ఎందుకు పుట్టించారు అనే దగ్గర మొదలై పది ఆజ్ఞలు, శ్రీసభ కట్టడలు, ఏడు దేవద్రవ్యానుమానాల (ఇప్పటి మాటలో దివ్యసంస్కారాల) దాకా అదే వరస. అర్థమైందా లేదా అని అడిగేవాళ్లు తక్కువ. ఒప్పజెప్పకపోతే మాత్రం మోకాళ్ల మీద నిలబెట్టేవాళ్లు. బట్టీ చదువని ఇప్పుడు తేలిగ్గా తీసిపారేస్తున్నాం. ఎనభై ఏళ్లొచ్చి మనవళ్ల పేర్లు మర్చిపోయిన ముసలమ్మలు కూడా మనస్తాప జపం తడుముకోకుండా చెప్పడం నేను విన్నాను. కాబట్టి ఆ బట్టీని నేను తీసిపారేయలేను.

పూర్వం తొలి సత్ప్రసాదానికి పదీ పన్నెండేళ్లు రావాల్సిందే. 1910 ఆగస్టులో పదో భక్తినాథ పాపుగారు ఆ లెక్క మార్చారు. సుమారు ఏడేళ్లు నిండి, మామూలు రొట్టెకూ సత్ప్రసాదానికీ తేడా తెలిస్తే చాలన్నారు. దాంతో తయారీ పై తరగతుల నుంచి రెండో తరగతి, మూడో తరగతి పిల్లల దగ్గరికి దిగింది. ప్రాథమిక పాఠశాల పంతులమ్మ నెత్తిన అంత బరువు పడటానికి మూలం ఆ ఒక్క ఆజ్ఞే.

ఆ తయారీలో పిల్లలకు అన్నిటికన్నా కష్టం సత్ప్రసాదం కాదు, దానికి ముందు చేయాల్సిన పాపసంకీర్తనం. ఏడేళ్ల వాడికి పాపాలెక్కడివి? అందుకని పంతులమ్మ ఆజ్ఞ తర్వాత ఆజ్ఞ చదువుతూ గుర్తుతెచ్చుకోమనేది. అబద్ధం చెప్పాను, చెల్లెల్ని కొట్టాను, పక్క దొడ్లో చింతకాయలు కోశాను. గుర్తుండటానికి పలక మీద రాసుకొమ్మంటే, ఏమీ తోచని వాడు పక్కవాడి పలక చూసి ఆ పాపాలే ఎక్కించుకునేవాడు. లెక్కల్లో కాపీ కొడితే దెబ్బలుండేవి గానీ దీనికేం శిక్ష వేయాలో పంతులమ్మకూ తెలిసేది కాదు. ఆనక ప్రతిష్ఠించని అప్పంతో నాలుక మీద స్వీకరించడం నేర్పేవాళ్లు. పళ్లకు తగలనీయకూడదు, నమలకూడదు, నవ్వకూడదు. ఈ మూడోదే ఎవరి వల్లా అయ్యేది కాదు.

ఉపవాసం సంగతి ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. 1953 వరకు అర్ధరాత్రి దాటాక మంచినీళ్లు తాగినా ఆ రోజు సత్ప్రసాదం లేదు. ఆ ఏడాది నీళ్లకు మినహాయింపు వచ్చింది, 1957లో ఉపవాసం మూడు గంటలకు తగ్గింది, 1964లో ఒక గంటకు దిగింది. అందుకే పాతకాలంలో తల్లులు ముందు రాత్రే నీళ్ల కుండ మీద మూత బిగించి పైన బరువు పెట్టేవాళ్లట. పూజ కాగానే పిల్లలకు పలహారం పెట్టే ఆనవాయితీ ఆ ఆకలి నుంచే వచ్చిందనుకుంటాను. ఆకలి పోయినా పలహారం మిగిలింది, మంచిదే.

ఒక మాట దాచకూడదు. మన జిల్లా గుళ్లలో చాలాచోట్ల ఒకప్పుడు రెడ్లొక వైపు, దళితవాడల వాళ్లొక వైపు కూర్చునేవాళ్లు. బడిలో మాత్రం పిల్లలు చదివింది ఒకే పుస్తకం, ఒప్పజెప్పింది ఒకే జవాబు. బడి ఆ గీతను చెరిపేసిందని చెప్పలేను, కొంత పలచన చేసిందేమో అంతే.

బడిలో అందరూ కథోలికులే ఉండరు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ సాయం తీసుకునే బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్నెవరినీ మతబోధలో కూర్చోబెట్టకూడదు. అందుకే సత్యోపదేశం గంట కొట్టగానే మిగతా పిల్లలకు పక్క గదిలో నీతికథలు చెప్పే పద్ధతి వచ్చింది. కథలున్నది అటువైపు, ప్రశ్నోత్తరాలు ఇటువైపు. మనవాళ్ల చెవులు ఎటు ఉండేవో వేరే చెప్పాలా!

రెండో వాటికన్ మహాసభ తర్వాత లాటిన్ పోయి పూజ తెలుగులోకి వచ్చింది. 1967లో బెంగళూరులో జాతీయ సత్యోపదేశ కేంద్రం పెట్టాక బోధన తీరులోనూ మార్పులొచ్చాయి. ప్రశ్నోత్తరాలు తగ్గి బొమ్మలు, పాటలు, బైబిలు కథలు వచ్చాయి. పిల్లలకు హాయి. అయితే ఈలోగా పిల్లలే బడి మారారు. పొద్దున్నే బస్సెక్కి గుంటూరుకో నరసరావుపేటకో ఇంగ్లీషు మీడియానికి పోతున్నారు. రోజూ నడిచిన గంట ఆదివారం పూజ తర్వాతికీ, వేసవి సెలవులకీ కుదించుకుపోయింది. తెల్ల గౌను కుట్టించడానికీ, ఫొటోలు తీయించడానికీ పట్టే రోజుల కంటే జపాలు నేర్చుకునే రోజులు తక్కువైతే తప్పు పిల్లలది కాదు, మనది.

డీక్‌మన్ పేరు గుడి వల్ల నిలిచింది. మనకు జపాలు నేర్పిన పంతుళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. మీ ఇంట్లో అటక మీద పాత సత్యోపదేశం పుస్తకం ఉంటే పాతకాగితాల వాడికి వేయకండి. లోపలి అట్ట మీద మీకు పాఠం చెప్పిన పంతులుగారి పేరు, ఏ ఏడు చెప్పారో రాసి విచారణ కార్యాలయంలో ఇవ్వండి.